బలపరిచేవారు లేని తీర్మానం

మొన్న మార్గశిరంలో ఒక పొద్దున నా లాప్‌టాప్ తెరిచేసరికి అందులో అక్షరాలు ఇటుకలంత అయి కూర్చున్నాయి. అంతకుముందు సాయంత్రం అది “నవీకరణలు సిద్ధంగా ఉన్నాయి, స్థాపించమంటారా?” అని మర్యాదగా అడిగింది. నేనూ మర్యాదగా సరేనన్నాను. మర్యాదలకు పోతే ఇలాగే జరుగుతుంది. దాన్ని నడిపించే లినక్స్‌కి గుండెకాయ లాంటిది కెర్నెల్. అది కాస్తా కొత్తదైపోయింది. బొమ్మను తెర మీదికి చేర్చే గ్రాఫిక్స్ డ్రైవరు మాత్రం పాత కెర్నెల్‌కే కట్టుబడి ఉండిపోయి, కొత్తదానితో మాటల్లేకుండా కూర్చుంది. అసలు డ్రైవరు అలిగితే, ఏ కంప్యూటర్లోనైనా ఎంతోకొంత నెట్టుకొచ్చే నాటు డ్రైవరు ఒకటి వచ్చి పగ్గాలు పట్టుకుంటుంది. దానికి తెలిసిన తెర కొలతలు తక్కువ. దాంతో ఆవగింజల్లాంటి అక్షరాలతో ఉండే నా తెర, ఎన్నికలప్పుడు ప్రహరీ గోడ మీద రాసిన రాతలా తయారైంది.

మా అమ్మాయి వెనక నుంచి తొంగిచూసి, “నాన్నా, నీ లాప్‌టాప్‌కి చత్వారం వచ్చింది” అంది. “దానికి కాదమ్మా, నాకు వచ్చింది. ఆ సంగతి దానికి తెలిసిపోయినట్టుంది” అన్నాను. గుడివాడలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి బతికేవాణ్ణి కాబట్టి విరుగుడు నాకు తెలుసు. యంత్రం మేలుకొనేటప్పుడు వచ్చే పట్టికలో పాత కెర్నెల్‌ని ఎంచుకుని లోపలికి వెళ్ళి, డ్రైవరుని కొత్త కెర్నెల్‌కి సరిపడా మళ్ళీ కట్టించాలి. కాఫీ చల్లారేలోపు అయ్యే పని. కానీ నేను కాఫీ చల్లారబెట్టుకుంటూ ఆ తెరనే చూస్తూ కూర్చున్నాను. పైన ఎడమ మూలన, అరచేతి వెడల్పున, ‘దస్త్రం’ అని ఉంది. నా కంప్యూటర్ ఇన్నేళ్ళుగా తెలుగులోనే మాట్లాడుతోంది. మా విద్యార్థులు దాన్ని భాషాభిమానం అనుకుంటారు, ఒకసారి శాలువా కూడా కప్పారు. నిజానికి అది బందరులో పొరపాటున నొక్కిన ఒక మీట పుణ్యం.

డిగ్రీ చదివినన్నాళ్ళూ నేను బందరులో మా మావయ్యగారింట్లో ఉన్నాను. వాళ్ళమ్మాయి పెళ్ళయి పామర్రు వెళ్ళిపోవడంతో ఖాళీ అయిన గది నాకిచ్చారు. మావయ్య మా అమ్మకి అన్నగారు. ఒక మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాడు. ఏ ఊరి ఆఫీసో చెప్పను, అది ఇంకా నడుస్తోంది. ఆయన పని కౌన్సిల్ సమావేశాల్లో తీర్మానాలు రాయడం. ఫలానావారు ప్రతిపాదించగా, ఫలానావారు బలపరచగా, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ఈ వాక్యాన్ని ఉద్యోగమంతా రాసీ రాసీ, చివరికి ఆయనకు మామూలుగా మాట్లాడటం రాకుండా పోయింది. పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, “అజెండాలో మొదటి అంశం, వంకాయ” అనేవాడు. లోపల్నుంచి అత్తయ్య, “బలపరిచేవాళ్ళు లేరండీ. వీగిపోయింది. దొండకాయ” అనేది. ఆ ఇంట్లో ఏ ప్రతిపాదననైనా బలపరచగలిగిన ఓటు నాదొక్కటే కాబట్టి, వెళ్ళిన కొత్తలో ఇద్దరూ నన్ను బాగా చూసుకున్నారు.

ఆ ఇల్లు గుర్తొస్తే ముందు వాసనలు వస్తాయి. సముద్రం మూడు నాలుగు మైళ్ళ అవతల ఉన్నా దాని గాలి మాత్రం మా పెరట్లోనే కాపురం ఉండేది. తలుపుల గడియలు, సైకిలు చైను, అత్తయ్య కత్తిపీట, దేన్నీ వదలకుండా తుప్పు పట్టించేది. వెనక వీధిలో హల్వా కాచేవాళ్ళు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గోధుమపాలూ బెల్లమూ నేతిలో ఉడికే వాసన గోడ దూకి వచ్చి, కునుకు తీస్తున్నవాళ్ళని కూడా లేపి కూర్చోబెట్టేది. మావయ్య రిటైరయ్యాక కూడా పది గంటలకల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో పడక్కుర్చీలో హాజరయ్యేవాడు. ఒంటిగంటకి భోజనానికి లేచేవాడు, అయిదింటికి చొక్కా విప్పేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే, “ఆఫీసు టైములో ఏమిటయ్యా” అని విసుక్కునేవాడు.

ఆఫీసు ఉంది గాని ఫైలే లేదు. ఆయన కళ్ళు పోతున్నాయి. రెటీనా నడిమి భాగం అరిగిపోతోందనీ, అంచులు మాత్రం బాగానే ఉన్నాయనీ డాక్టరు చెప్పాడు. అంటే ఏది చూడాలనుకుంటే సరిగ్గా అదే కనపడదు. దాని చుట్టుపక్కలంతా కనిపిస్తుంది. నేను ఎదురుగా నిలబడితే, “ఒరేయ్ ఫణీ, నీ చెవులు రెండూ వచ్చాయి. మొహం ఎక్కడ వదిలేసొచ్చావ్?” అనేవాడు. జనాన్ని చెవుల్ని బట్టి గుర్తుపట్టడం అలవాటు చేసుకున్నాడు. ఆయన చెప్పాకే నాకు తెలిసింది, ఏ ఇద్దరి చెవులూ ఒక్కలా ఉండవని. మొహాలు లేకపోయినా ఆయన నెట్టుకురాగలిగాడు. అక్షరం లేకపోవడం మాత్రం ఆయనవల్ల కాలేదు. భూతద్దం పెడితే రెండక్షరాలు కనిపించేవి, మూడోదానికి వెళ్ళేలోపు మొదటిది మర్చిపోయేవాడు, పైగా ఆయన నీడే కాగితం మీద పడేది. పేపరు అత్తయ్య చదివి వినిపించేది. ఆవిడ సంపాదకత్వం ఆవిడది. పోయినవాళ్ళ ఫోటోలు, పెళ్ళి ముహూర్తాలు, వానలు, అంతే.

“కౌన్సిల్ వార్తలేమైనా ఉన్నాయిటే?” అని అడిగేవాడు ఈయన.

“ఏమీ లేవండీ” అనేది ఆవిడ, పేజీ తిప్పకుండానే.

“పోనీ అసెంబ్లీ?”

“అదీ జరగట్లేదుట.”

ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆవిడ లోపలికి వెళ్ళాక, మడిచిన పేపరు ఒళ్ళో పెట్టుకుని దాని అంచుల్ని వేలితో తడుముతూ కూర్చోవడం నేను చూశాను. మూసిన తలుపు దగ్గర నిలబడ్డ మనిషిలా ఉండేవాడు.

ఆ రోజుల్లోనే గుడివాడలో నా స్నేహితుడొకడు నెట్ సెంటర్ మూసేస్తూ, ఒక పాత కంప్యూటర్ నన్ను పట్టుకుపొమ్మన్నాడు. చివరి సంవత్సరం ప్రాజెక్టుకి నాకది కావాలి. డబ్బా కాళ్ళ దగ్గర, బొజ్జ మానిటరు ఒళ్ళో పెట్టుకుని బందరు బస్సెక్కాను. కండక్టరు వచ్చి, “టీవీకి టిక్కెట్టు తియ్యాలండీ” అన్నాడు. ఇది టీవీ కాదండీ, కంప్యూటర్ అన్నాను. “అయితే చదువుకున్నదే కదా, నిలబడమనండి” అని వెళ్ళిపోయాడు.

అందులో ఉన్న వైరస్‌ల సంతానం చూసి, ఉన్నదంతా తుడిచేసి, ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి లినక్స్ ఎక్కించాను. ఎక్కించేటప్పుడే ఆ యంత్రం తన గుణం చూపించింది. దాని గ్రాఫిక్స్ చిప్ ఎవరిదో లినక్స్‌కి అర్థం కాలేదు. నాటు డ్రైవరుతో, ఆరువందల నలభై బై నాలుగువందల ఎనభై కొలతలో తెర తెరుచుకుంది. అంటే తెరంతా కలిపి అడ్డంగా ఆరువందల నలభై చుక్కలు. కొలత ఎంత చిన్నదైతే తెర మీద వస్తువులు అంత పెద్దవి, పట్టేవి అంత తక్కువ. భాష ఎంచుకోమని అడిగిన పెట్టె సగమే కనిపించింది. “ముందుకు” అనే బొత్తాము తెర అడుగున, ఎక్కడో మా బల్ల సొరుగులో ఉండి ఉండాలి. కనిపించని బొత్తాన్ని నమ్మకం మీద నొక్కాలి. దైవభక్తికి నేను అంత దగ్గరగా వెళ్ళింది అప్పుడే. ఇంగ్లీషు మీద ఉన్నాననుకుని టాబ్ నొక్కి ఎంటర్ నొక్కాను. నేనున్నది తెలుగు మీద. ఎవరో పుణ్యాత్ములు జీతం లేకుండా కూర్చుని ఆ లినక్స్‌ని పూర్తిగా తెలుగు చేసి పెట్టారని నాకు అప్పటిదాకా తెలియదు.

అన్నీ అయ్యాక ఏదైనా రాసి చూద్దామని తెర మీద ఒక కిటికీ తెరిచాను. వంటింట్లో అత్తయ్య ఇంగువ తిరగమోత పెడుతోంది. మావయ్య ఆఫీసు ముగించుకుని, కాఫీ గ్లాసుతో నా గది గుమ్మంలో ఆగాడు. కోడి గింజను చూసినట్టు తల ఒక పక్కకి వంచాడు.

“దస్త్రం” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. “ఏంటి మావయ్యా?”

“దస్త్రం అని రాసుంది కదరా అక్కడ. పక్కన సవరణ. దాని పక్కన... ఉండు... వీక్షణం.” ఆయన గొంతు మామూలుగానే ఉంది. కాఫీ గ్లాసే కొంచెం వణుకుతోంది. “చివర్న సహాయం.”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన్నీ తెరనీ మార్చి మార్చి చూసింది. నేను లేచి కుర్చీ ఇచ్చాను. ఆయన కూర్చుని, ముఖం పక్కకి తిప్పి, కంటి అంచుతో ఆ తెరంతా ఏరుకుంటూ చదివాడు. తనంతట తాను వెలిగే అక్షరం కాబట్టి నీడ పడలేదు. జానెడు లావు కాబట్టి తప్పించుకోలేకపోయింది. “ఫైలుని దస్త్రం అన్నాడు చూశావుటే! మా సర్వీసులో ఒక్క ఆఫీసరూ అనలేదు” అన్నాడు. ఇంకొంచెం కిందికి వెళ్ళి, “చెత్తబుట్ట! చెత్తబుట్ట కూడా ఇచ్చాడు. మా ఆఫీసుకి ఎన్నిసార్లు రాసినా శాంక్షన్ కాలేదు” అన్నాడు. ఏదో నొక్కితే తెర మధ్యలో ఒక పెట్టె వచ్చింది. “ఈ చర్యకు మీకు అనుమతి లేదు” అని చదివి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. “సందేహం లేదురా. ఇది మా ఆఫీసే.”

ఆ నీళ్ళు నవ్వువల్ల వచ్చినవేనని ముగ్గురం ఒక అవగాహనకి వచ్చాం. నేను అప్పటికి చూసిన అద్భుతాల్లో, ఇప్పటిదాకా చూసినవాటిలో, అది మొదటిది. ఒక పాత యంత్రం సగం పనిచెయ్యడం మానేస్తే ఒక మనిషికి సగం చూపు తిరిగొచ్చింది.

మర్నాటి నుంచి మావయ్య ఆఫీసు వరండాలోంచి నా గదిలోకి బదిలీ అయింది. నేను కాలేజీ నుంచి వచ్చేదాకా తెలుగులో ఉన్న ప్రతి పట్టికా, ప్రతి హెచ్చరికా తెరిచి చదివేవాడు. ఆ లినక్స్ సహాయ పత్రాలను అంత వైభవంగా చదివిన పాఠకుడు ప్రపంచంలో ఇంకొకడు ఉండడు. వచ్చిన ఇబ్బందల్లా నాకే. ప్రాజెక్టు కోసం నేను తయారుచేస్తున్న, వివరాలు నింపే పెట్టె ఆ తెరలో పట్టదు. సగం గళ్ళు బల్ల కింద ఉంటాయి. పరీక్షకి వచ్చిన మాస్టారికి నమ్మకం మీద చూడండి అని చెప్పలేను కదా. ఆ చిప్‌కి సరిపడే అసలు డ్రైవరు పేరేమిటో నెట్ సెంటర్లో వెతికి పట్టుకుని, తెర సంగతులన్నీ ఉండే ఒక ఫైల్లో నాటు డ్రైవరు పేరు కొట్టేసి దీని పేరు రాశాను. కొలత వెయ్యీ ఇరవైనాలుగు బై ఏడువందల అరవైయెనిమిది అన్నాను. తెర నల్లబడింది. నల్లతెర మీద ఒక చిన్న పెట్టె, ఇంగ్లీషులో, నీళ్ళలో పడ్డ కొబ్బరికాయలా అటూ ఇటూ తేలుతోంది.

“ఏమంటుందిరా అది?” అని వరండాలోంచి అడిగాడు మావయ్య.

అత్తయ్య తొంగిచూసి కూడబలుక్కుంటూ చదివింది. “రిజల్యూషన్ నాట్ సపోర్టెడ్ అంటుందండీ.”

“అంతేనా? తీర్మానాన్ని బలపరిచేవాళ్ళు లేరన్నమాట. రూలు ప్రకారం వీగిపోయింది” అన్నాడాయన, అదేదో తన ఆఫీసులో అటెండరు మోసుకొచ్చిన కబురైనట్టు. ఆయన దృష్టిలో రిజల్యూషన్ అంటే తీర్మానం. తెర కొలత అనే ఇంకో అర్థం ఉండటం అనవసరం. నేను నవ్వాను. కొంచెం సేపటికి నవ్వు ఆపుకున్నాను. ఎందుకంటే జరిగింది అచ్చంగా అదే. చిప్ ఒక కొలతను ప్రతిపాదిస్తుంది. మానిటరు సరేనంటేనే బొమ్మ. ఇప్పటి మానిటర్లు తమ హద్దులు తామే చెప్పుకుంటాయి. అది చెప్పుకునే రకం కాదు. దాని వీపున అతికించిన కాగితం మీద తుప్పుమరకల మధ్య వెతికి, అది ఒప్పుకునే హద్దుల్ని ఆ ఫైల్లో నేనే దాని తరఫున రాసిపెట్టాను. ఈసారి తెర విచ్చుకుంది. సన్నగా, తీర్చినట్టు, మొత్తం ప్రాజెక్టు పెట్టె గళ్ళతో సహా నట్టనడుమ నిలబడింది. ఇంటిల్లిపాదినీ పిలిచాను. ఇంటిల్లిపాదీ అంటే ఇద్దరు.

మావయ్య వచ్చి తల వంచాడు, ముందుకి వంగాడు, అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళాడు. “బాగుందిరా. చాలా శుభ్రంగా ఉంది” అన్నాడు. భుజం తట్టి, వరండాలోకి వెళ్ళి పడక్కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడు పదింటికి ఇస్త్రీ చొక్కాతో నా గదిలోకి కాకుండా అక్కడికే వెళ్ళాడు.

అత్తయ్య నాకు పెరుగన్నం వడ్డిస్తూ, పెద్ద విషయమేమీ కానట్టు అంది. “ఫణీ, అది పాడైనప్పుడే బాగుందిరా. మళ్ళీ పాడుచెయ్యడం వచ్చునా నీకు?”

వచ్చు. అదొక్కటే నాకు బాగా వచ్చు. కానీ పాడుచేస్తే నా ప్రాజెక్టు పోతుంది, బాగుంచితే ఆయన అక్షరం పోతుంది. ఉన్నది ఒక్క తెర. రెండు మూడు మధ్యాహ్నాలు హల్వా వాసనలో కూర్చుని చదివాక, అదే ఫైల్లో ఒకే వరసన రెండు కొలతలూ రాయొచ్చని తేలింది. కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని కుడివైపు అంకెల దగ్గరున్న ప్లస్ నొక్కితే పెద్ద కొలత నుంచి చిన్నదానికీ, మళ్ళీ నొక్కితే చిన్నదాన్నుంచి పెద్దదానికీ యంత్రం ఆపకుండానే మారుతుంది. మావయ్యని కూర్చోబెట్టి వేళ్ళు పట్టుకుని చూపించాను. ఆయనకి వెంటనే పట్టుబడింది. “కంట్రోల్ ప్రతిపాదించేవాడు. ఆల్ట్ బలపరిచేవాడు. ప్లస్ ఓటు” అన్నాడు. నొక్కాడు. తెర ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ‘దస్త్రం’ మళ్ళీ జానెడయింది.

అయితే నేను ఊహించనిది ఒకటి జరిగింది. ఇలా మారిస్తే లోపలి బల్ల, అంటే డెస్క్‌టాప్, కుంచించుకుపోదు. పెద్దదిగానే ఉండిపోతుంది. తెర దాని మీద ఒక కిటికీ అవుతుంది. మౌస్‌ని అంచుకి తీసుకెళ్ళి నెడితే కిటికీ అటువైపు జరుగుతుంది, దాగినదంతా వరసగా కదిలి వస్తుంది. మావయ్య మౌస్‌ని కుడి అంచుకి నెట్టాడు. అక్షరాలు ఒకటొకటిగా ఎడమకి వెళ్ళిపోతూ, కుడివైపు నుంచి కొత్తవి వస్తున్నాయి. ఆయన చెయ్యి ఆపాడు. మళ్ళీ నెట్టాడు. “ఒరేయ్” అన్నాడు మెల్లగా, “పడవలో కూర్చుంటే గట్టు కదిలినట్టుందిరా.”

ఆయన పుట్టింది శ్రీకాకుళంలో. ఉత్తరాన ఉన్న జిల్లా కాదు, మన కృష్ణ ఒడ్డున, గుడి ఉన్న శ్రీకాకుళం. చిన్నప్పుడు రేవులో పడవెక్కి అవతలి గట్టుకి వెళ్ళి వచ్చేవాడట, పనేమీ లేకుండా, గట్టు కదలడం చూడ్డానికి. ఆ సాయంత్రం కళ్ళు కనపడని మా మావయ్య, బందరులో ఒక చెక్క కుర్చీలో కూర్చుని, కుడి చేతి కింద ఒక మౌస్‌తో, చాలాసేపు నది దాటుతూనే ఉన్నాడు. మేమిద్దరం గుమ్మంలో నిలబడి చూశాం. అత్తయ్య దీపం పెట్టడం కూడా మర్చిపోయింది.

ఇక చదవడానికి ఏదో ఒకటి కావాలి. పేపర్లు అప్పట్లో తెలుగుని తమ సొంత ఫాంట్లలో దాచుకునేవి, నా యంత్రంలో అవి చీమలు పాకినట్టు కనిపించేవి. కాకపోతే నెట్లో అందరూ కలిసి తెలుగులో రాసుకునే విజ్ఞాన సర్వస్వం ఒకటి మొదలైంది. అందులోంచి వ్యాసాలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చేవాణ్ణి. ఆయన ముందు మన ప్రాంతం ఊళ్ళు అడిగాడు. ముదినేపల్లి తెరిచాను. ఆయన పడవ మీద ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి చదివాడు. “ముదినేపల్లి, కృష్ణా జిల్లాకు చెందిన ఒక మండలము.” కిందికి నెట్టాడు. ఏమీ లేదు. పైకి నెట్టాడు.

“ఇంతేనా?”

“ఇంకా రాస్తారు మావయ్యా. మొదలుపెట్టారంతే.”

“ఇది తెలుసుకోడానికా ఇంత కష్టపడి కళ్ళు తెచ్చుకుంది? శ్రీకాకుళం తియ్యి.”

శ్రీకాకుళం కూడా ఒక గ్రామమే అని తేలింది. గుడి సంగతి ఒక వాక్యం. ఆయన ఆ వాక్యం చివరిదాకా మౌస్ నెట్టి చూశాడు. తర్వాత, “ఎవరైనా రాయొచ్చునా?” అని అడిగాడు. ఎవరైనా రాయొచ్చన్నాను. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఇంగ్లీషు టైపు హయ్యరు పాసైన వేళ్ళు ఆయనవి, మీటల్ని చూడాల్సిన అవసరం వాటికి ఎప్పుడూ లేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే ఏర్పాటు చేశాను. ఏం రాస్తాడోనని చూస్తున్నాం. గుడి చరిత్ర రాస్తాడనుకున్నాను. జనాభా రాస్తాడని అత్తయ్య అనుకుంది. ఆయన ఒక్క వాక్యం కొట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి రెండుసార్లు ప్రయాణం చేసి సరిచూసుకున్నాడు. “మార్గశిర మాసములో తెల్లవారగానే ఈ ఊరి రేవులో దిగిన యెడల కృష్ణ నీరు గోరువెచ్చగా ఉండును.”

“ఇదేంటండీ” అంది అత్తయ్య, “గుడి గురించి రాయక?”

“గుడి ఉందని గుడి చూసినవాళ్ళందరికీ తెలుసు. చలికి వణుకుతూ గట్టు మీదే నిలబడ్డవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. దిగాలి.” అని నా వైపు తిరిగాడు. “నేను ప్రతిపాదించాను. పట్టుకెళ్ళి ఎక్కించు.” నెట్ సెంటర్‌కి వెళ్ళి ఎక్కించాను. రేవు గురించి ఆయన రాసింది అదొక్కటే. మిగతా కాలమంతా చదువుకున్నాడు. చూపు ఇంకా అరిగినకొద్దీ నేను ఇంకా చిన్న కొలతలు ఆ వరసలో చేర్చుకుంటూ పోయాను. చివరికి తెరకి ఒక్క మాటే పట్టేది, ఒక వాక్యానికి పూట పట్టేది. “ఇదివరకు గబగబా చదివేవాణ్ణిరా, ఏమీ రుచి తెలిసేది కాదు” అనేవాడు. ఆయన పోయాక ఆ కంప్యూటర్ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఉప్పుగాలి తన పని తాను చేసుకుంది.

ఇప్పుడు నా ఫోన్లో రెండు వేళ్ళు విడదీస్తే అక్షరం పెరుగుతుంది. అడిగితే చదివి కూడా పెడుతుంది, అత్తయ్యలా వార్తలు మింగెయ్యకుండా. ఏ కొలతనీ ఎవరూ బలపరచనక్కర్లేదు. అంతా సుఖమే. అంత సుఖంగా ఉన్నందుకో ఏమో, అక్షరం పెరిగినప్పుడు చెయ్యి వణికినవాణ్ణి మాత్రం ఆ తర్వాత ఎక్కడా చూడలేదు.

మొన్న పొద్దున ఆ పాడైన తెర మీద, దాన్ని బాగుచేసే ముందు, శ్రీకాకుళం వ్యాసం తెరిచాను. ఇప్పుడది పెద్ద వ్యాసం. శాసనాలు, పంటలు, బడులు, రోడ్లు, అన్నీ ఉన్నాయి, ప్రతిదానికీ ఆధారం అంకె వేసి ఉంది. ఇటుకలంత అక్షరాల్లో కిందికి, కిందికి వెళ్ళాను. మావయ్య వాక్యం ఉంది. ఎవరో భాషని మాత్రం నేటికి తెచ్చారు, ‘ఉండును’ కాస్తా ‘ఉంటుంది’ అయింది. దాని పక్కన చదరపు బ్రాకెట్లలో “మూలం కావాలి” అని ఉంది. ఆధారం చూపని వాక్యాలను తొలగించవచ్చునని పైన హెచ్చరిక.

పామర్రులో కూతురి దగ్గర ఉంటున్న అత్తయ్యకి ఫోన్ చేశాను. విని, “మూలమేంట్రా? ఆయన చెప్పారుగా” అంది. అలా ఒప్పుకోరు అత్తయ్యా, పుస్తకంలో ఉండాలి, లేకపోతే పేపర్లో రావాలి అన్నాను. “అయితే తీసేస్తారా?” అంది. “ఇది మార్గశిరమే కదరా” అంది తర్వాత.

డ్రైవరు సంగతి చూశాను. పాత కెర్నెల్‌తో లోపలికి వెళ్ళి, కొత్తదానికి మళ్ళీ కట్టించి, ఆవగింజల్ని ఆవగింజలు చేశాను. మర్నాడు వెలుగు రాకముందే బండి తీసి పామర్రు, కూచిపూడి మీదుగా శ్రీకాకుళం వెళ్ళాను. పొలాల మీద మంచు, ముక్కు ఎక్కడుందో తెలియని చలి. రేవు మెట్లు దిగేసరికి తెల్లవారింది. మావయ్య చెప్పిన కృష్ణ మెట్లకి ఆనుకుని ఉండేది. ఇప్పటి కృష్ణ మెట్ల నుంచి సెలవు తీసుకుని ఇసకలో చాలా దూరం వెళ్ళిపోయింది. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. ఇసక మంచుగడ్డలా ఉంది. పాయ దగ్గర ఒకాయన మోకాల్లోతులో నిలబడి విసురువల సర్దుకుంటున్నాడు. నేను గట్టు మీద ఆగాను. చదువుకున్నవాణ్ణి కదా, కొంతసేపు నిలబడి ఆలోచించాను. తర్వాత ప్యాంటు మడిచి దిగాను.

పాదాల నుంచి పిక్కల దాకా ఎవరో అరచేతులతో పట్టుకున్నట్టు, గోరువెచ్చగా.

నీళ్ళలోంచి ఆవిరి సన్నగా లేస్తోంది, మావయ్య కుర్చీలో కూర్చుని దాటిన నది అదే. “బలపరుస్తున్నాను” అన్నాను. కొంచెం పైకే అన్నట్టున్నాను.

వలాయన తలెత్తాడు. “నన్నా అండీ?”

“కాదండీ. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి అంటున్నాను.”

“ఈ నెలలో పొద్దున్నే ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయండీ” అన్నాడాయన, అందులో వింతేముంది అన్నట్టు. వల విసిరాడు. అది గాల్లో గుండ్రంగా విచ్చుకుని, నీళ్ళ మీద మెత్తగా పరుచుకుంది.

ప్రతిపాదించినవారు మా మావయ్య. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.